మాత్రల్లో మిగిలిన వంజరం

ఆదిలక్ష్మమ్మకు చవక వస్తువు మీద నమ్మకం లేదు. చీరైనా చింతపండైనా ముందు ధర వింటుంది, ఆ తర్వాతే సరుకు చూస్తుంది. ధర తక్కువ చెప్పారో, అందులో పురుగు ఉన్నట్టే లెక్క. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న ఆ లైనిళ్ళలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. ఈ నమ్మకం చీరలతో ఆగి ఉంటే ఆవిడ మొగుడు గురునాథరావుకు ఏ బాధా లేకపోయేది. ఆవిడ సుగరు మాత్రల దగ్గరికి వచ్చేసరికి అది ఆవిడ కాలి మీదికి వచ్చింది.

గురునాథరావుది శృంగవరపుకోట పక్క పల్లె. అక్కడ పొలం నమ్ముకుని లాభం లేదని పట్నం వచ్చి, పోర్టు దగ్గర ఎరువుల గోడౌన్లో కాపలా పనికి కుదిరాడు. మాట తక్కువ మనిషి. లారీ లోపలికొస్తే చెయ్యెత్తుతాడు, బయటికి పోతే చెయ్యి దించుతాడు, మధ్యలో ఏమీ ఉండదు. జీతం తెచ్చి ఆదిలక్ష్మమ్మ చేతిలో పెడతాడు. ఆవిడ మేనమామ కూతురు. గోచీ పెట్టుకునే వయసు నుంచీ ఆవిడ చెప్పడం, ఈయన వినడం అలవాటైపోయింది. అయితే నోరు ఊరుకున్న మనిషికి కళ్ళూ చెవులూ ఊరుకోవు.

ముందు చెవులే పట్టుకున్నాయి. ఆవిడ వేళ్ళకు తిమ్మిరి, షీటులోంచి మాత్ర నొక్కడం చేతకాదు. నెల మొదట్లో ఈయనే కూర్చుని మాత్రలన్నీ నొక్కి ఒక స్టీలు డబ్బాలో పోసి ఇచ్చేవాడు. పొద్దున్న చోడి అంబలి, అదే రాగి జావ, తాగాక ఆవిడ ఒకటి వేసుకోవాలి. నెలాఖరున ఒకరోజు గొడుగు కోసం వెతుకుతుంటే మోచెయ్యి తగిలి ఆ డబ్బా గలగలమంది. ఖాళీ డబ్బా అలా మోగదు.

"ఏటే, ఏసుకోటం నేదా?"

"ఏసుకుంతన్నాను బావా. రోజు ఇడిసి రోజు. అంత రేటు మందు రోజూ ఎవులేసుకుంతారు? గట్టి మందు. ఒకటేసుకుంటే రెండ్రోజులు నిలబడతాది."

అప్పటికి ఆవిడ ఎడమకాలి బొటనవేలి మీద చెప్పు ఒరుసుకున్న పుండు ఒకటి మానకుండా ఉంది. పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ వేలు చూసింది, రక్తపరీక్ష చూసింది, గురునాథరావును పక్కకు పిలిచింది.

"సుగర్ ఇలాగే ఉంటే ఈ వేలు తీసెయ్యాలి. అక్కడితో ఆగుతుందని కూడా నేను చెప్పలేను. మాత్ర రోజూ పడాలి, రోజూ."

ఆసుపత్రిలో మాత్రలు ఊరికే ఇచ్చారు కూడా. ఆదిలక్ష్మమ్మ వాటిని కొంగున కట్టుకుని తెచ్చి, గుమ్మం పక్కనున్న గులాబీ కుండీలో పోసింది.

"ఊరికిచ్చిన మందు ఒంటి మీద పన్సేత్తాదేటి? మొక్కకైనా అక్కరకొత్తాది."

గులాబీ బాగా పూసింది. వేలు అలాగే ఉంది.

లైను మొదట్లో అల్తాఫ్ కొత్తగా మందుల కొట్టు తెరిచింది ఆ రోజుల్లోనే. వన్‌టౌన్లో అత్తర్లు అమ్మే ఇంటి కుర్రవాడు, మందుల చదువు చదివాడు. పెద్ద కంపెనీ పేరు లేకుండా ఉత్త మందు పేరుతో వచ్చే మాత్రలు అమ్ముతాడు కాబట్టి అతని దగ్గర ధర బాగా తక్కువ. ఆ తక్కువ చూసే లైనులో ఆడవాళ్ళు ఆ కొట్టు ముందు నుంచి మొహం తిప్పుకుని పోయేవారు. గురునాథరావు మాత్రం రోజూ డ్యూటీ దిగి వస్తూ రోడ్డుకు అవతల నిలబడి కొట్టును చూసేవాడు. ఎవరొస్తున్నారు, ఏం కొంటున్నారు, కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారా, ఇవన్నీ చూసేవాడు. చివరికి అల్తాఫే కేకేశాడు.

"బాబాయ్! రోజూ వచ్చి చూసి పోతన్నారు. మీరు ఇన్‌కంటాక్సా? అయితే లోపలికి రండి, ఇక్కడ దాచడానికేటీ లేదు, ఈగలు తప్ప."

గురునాథరావు రోడ్డు దాటి, ఆసుపత్రి చీటీ, పాత షీటూ బల్ల మీద పెట్టాడు. అల్తాఫ్ తన షీటు ఒకటి తీసి పక్కన పెట్టాడు.

"రెండూ ఒకటే బాబాయ్. ఒకే మగ్గం మీద నేసిన చీర. అద్దాల కొట్లో ఒక రేటు, సంతలో ఒక రేటు, అంతే తేడా."

గురునాథరావు రెండు షీట్లూ తిప్పి చూశాడు. ఆ షీటు కొనుక్కుని మర్నాడు డాక్టరమ్మకు చూపించాడు. "ఇదే మందు. నిక్షేపంగా వేసుకోవచ్చు" అందావిడ. ఇక మిగిలింది ఆదిలక్ష్మమ్మ గొంతు దిగడం.

అడిగితే ఒప్పుకోదు. అందుకని అడగలేదు. కొత్త మాత్రలు గోడౌన్లోనే నొక్కి, డబ్బాలో పోసి ఇంటికి తెచ్చాడు. అవీ తెల్లనివే, ఇవీ తెల్లనివే. రెండూ గుండ్రనివే.

"ఏటి బావా, డబ్బా నిండిపోనాది?"

"ఆఫరు" అన్నాడు గురునాథరావు. ఆ ఒక్క మాట సరిపోదని ఆవిడ కళ్ళను బట్టి తెలిసింది. "ఒక షీటు కొంటే ఒక షీటు ఊరికేనట."

ఊరికే ఇచ్చింది పనికిరాదు గానీ ఖరీదైనదాని పక్కన ఊరికే వచ్చింది పనికొస్తుంది. ఆదిలక్ష్మమ్మ మొహం విప్పారింది. ఆ మర్నాటి నుంచి రోజూ అంబలి, రోజూ మాత్ర. శివరాత్రి నాటికి పుండు ఎండి పక్కు కట్టింది. ఆ పక్కు రాలాక వేలు మామూలు వేలు అయింది. ఆసుపత్రిలో రక్తం చూసి "ఇలాగే వేసుకో తల్లీ" అన్నారు.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ అబద్ధానికి తిండి పెట్టాలని గురునాథరావుకు అప్పటిదాకా తెలియదు. రోజుకు పది మాటలతో సరిపెట్టుకునే మనిషి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. పక్కింటి చిట్టమ్మకూ సుగరే. ఆవిడ ఆదిలక్ష్మమ్మ మందు కొనే పెద్ద కొట్టుకు పోయి ఆఫరు అడిగితే వాళ్ళు నవ్వారట.

"ఏటన్నయ్యా, నేదంటన్నారు?"

"పాత గిరాకీలకేనట" అన్నాడు. అది చెప్పాక మధ్యాహ్నం దాకా ఆయనకు ఆయాసం తగ్గలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు మిగిలిన డబ్బు. ఆదిలక్ష్మమ్మ పాత ధరకే డబ్బిస్తోంది. కొత్త మాత్రలకు అందులో కొంచెమే చాలు. మిగిలింది తిరిగిస్తే దొరికిపోతాడు. తన దగ్గర ఉంచుకుంటే అది ఆవిడ డబ్బు. ఒకసారి టీ కొట్టులో క్రీము బన్ను కొన్నాడు గానీ తినబుద్ధి కాక కుక్కకు వేశాడు. ఆవిడ డబ్బు ఆవిడకే ఏదో ఒక రూపాన చేరాలి కదా అని ఆలోచించి ఆలోచించి, అల్తాఫ్‌కు మాత్రం సంగతి చెప్పి, ఒక సాయంత్రం చేపల బజారులోకి నడిచాడు. ఎప్పుడూ కొనే చిన్నచేపలు, కవళ్ళు, కానాగంతలు దాటి ముందుకు పోయి, ఐసు మీద ఒళ్ళు చాపుకు పడుకున్నట్టున్న ఖరీదైన వంజరాన్ని చూపించాడు.

"వంజరమే! మనకెక్కడిది బావా ఇది?" అంది ఆదిలక్ష్మమ్మ.

"రేటు పడిపోనాది. కవళ్ళ రేటుకే ఇత్తన్నారు."

ధర తక్కువని విని ఆవిడ చేపను ఎగాదిగా చూసింది. వాసన చూసింది. వంజరం ముందు మాత్రం ఆవిడ నమ్మకం నిలబడలేదు. పులుసు ఉడికే వాసనకు ఆవిడ సిద్ధాంతం ఒక్క పూటకు పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత అప్పుడప్పుడూ ఆ ఇంట్లో వంజరం ఉడుకుతూనే ఉంది.

ఆదిలక్ష్మమ్మకు సంతోషం వస్తే లైనంతా వినాలి. కుళాయి దగ్గర నిలబడి రెండు సంగతులు చెప్పేది. మొదటిది తన వేలు. "మందంటే రేటు మందు. ఆ అల్తాఫు కొట్లోవి సున్నంబిళ్ళలు. అటెల్లకండి, సచ్చిపోతారు." రెండోది వంజరం. "కవళ్ళ రేటుకిత్తంటే మీరెందుకు కొనరు? మీ మొగుళ్ళకి బజారు సెయ్యటం రాదు."

మొదటి మాటకు అల్తాఫ్ కొట్టు ఎండిపోయింది.

"బాబాయ్" అన్నాడు అతను ఒక సాయంత్రం షీటు అందిస్తూ. "నా మందు మింగి బాగుపడిన మనిషి ఈ ఏరియాలో ఒక్కరే. ఆవిడే నా కొట్టు మీద దుమ్మెత్తి పోస్తన్నారు. ఈ వేసవి చూసి షట్టరు దించేస్తాను. అచ్యుతాపురం కంపెనీలో పని చూశారు మావాళ్ళు."

"సెప్తాను" అన్నాడు గురునాథరావు.

చెప్పాలనే ప్రతి రాత్రీ పక్క మీద నోరు తెరిచేవాడు. చెబితే డబ్బా గులాబీ కుండీలోకి పోతుంది. ఆవిడ మొండితనం ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. వేలు కళ్ళ ముందు కదిలేది. నోరు మూసుకుని పడుకునేవాడు. అల్తాఫ్ వెళ్ళిపోతే ఆ ధరకు మాత్ర ఎక్కడ దొరుకుతుందన్నది ఇంకో భయం. రెండు భయాల మధ్య వేసవి వచ్చింది.

రెండో మాటకు జాలరిపేట నుంచి పోతమ్మ వచ్చింది.

పోతమ్మ చాలాకాలంగా ఆ లైనుకు చేపల గంప తెస్తోంది. ఆ ఆదివారం గంప దించగానే ఆడవాళ్ళు చుట్టుముట్టి, వంజరం కవళ్ళ రేటుకిస్తావా లేదా అని కూర్చున్నారు. పోతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఎవులమ్మా, ఎవులు? ఆ రేటుకి వంజరం తిన్న మారాజెవులు?"

"ఆదిలచ్చమ్మ మొగుడు" అంది చిట్టమ్మ. "నిన్న కూడా తెచ్చినాడు."

"నిన్నా? బోట్లన్నీ కట్టీసి నెల దాటినాది! సేపలు గుడ్లెట్టే కాలమని గవర్మెంటోడు వేట ఆపీసినాడు. మా మొగుళ్ళు ఇంటికాడ కూకోని వలలు కుట్టుకుంతన్నారు. ఐసులో పాత సరుకే బంగారం రేటు పలుకుతంటే, ఈయనకి కవళ్ళ రేటుకా? ఆయనకి సొంత సముద్రం ఉందేటమ్మా?"

గురునాథరావు గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన పుట్టిన ఊళ్ళో చేపలంటే చెరువులో చేపలు, వల వేస్తే వస్తాయి. సముద్రానికి సెలవులుంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. బజారులో ధర రెండింతలైనప్పుడు కూడా, పట్నంలో అన్నీ పెరుగుతాయి కదా అనుకుని తక్కువ ముక్క కొని తెచ్చాడు.

ఆదిలక్ష్మమ్మ వెనక్కి తిరిగింది.

"బావా, ఇటు రా. ఆ సేపలు నీకు ఎవులిత్తన్నారు?"

గురునాథరావు గుమ్మం దిగి వచ్చాడు.

"ఇచ్చీది మగోడా, ఆడదా?"

లైనంతా చెవులు రిక్కించింది. గురునాథరావు బుర్ర ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది. నిజం చెబితే మాత్ర మానేస్తుంది. మాత్ర మానేస్తే వేలు పోతుంది. ఆడదంటే తిడుతుంది, ఏడుస్తుంది, పుట్టింటికి పోతానంటుంది, ఏడాదికో రెండేళ్ళకో క్షమిస్తుంది. పోయిన వేలు రెండేళ్ళకైనా మొలవదు.

"ఆడదే" అన్నాడు.

"ఓలమ్మో!" అంది చిట్టమ్మ, ఎంతో తృప్తిగా.

"దాని పేరేటి?" అంది ఆదిలక్ష్మమ్మ.

గురునాథరావు అటూ ఇటూ చూశాడు. ఆయనకు తెలిసిన ఆడవాళ్ళ పేర్లన్నీ ఎదురుగానే నిలబడి ఉన్నాయి.

"తెల్దు."

పోతమ్మ పకపకా నవ్వింది. "ఈ మొకానికి, పేరైనా సెప్పకుండా వంజరం ఇచ్చీసిందంటే అది మా సేపలోళ్ళ పిల్ల కాదమ్మా. మేవైతే ఈయనకి ఎండు నెత్తళ్ళు కూడా అప్పివ్వం."

ఆదిలక్ష్మమ్మ నవ్వలేదు. లోపలికి పోయింది, మాత్రల డబ్బాతో బయటికి వచ్చింది.

"దాని సేపలు తినిపించినావు. అదే సేత్తో ఈ మాత్రలూ తెచ్చినావు. ఇయాల్టి నుంచి నువ్వు తెచ్చిన మందు నాకొద్దు!"

డబ్బా గాలిలో ఎగిరి ఇంటి ముందు కాలవలో పడింది. మూత ఊడింది. ఏ వేలి కోసం ఆడదాన్ని ఒప్పుకున్నాడో ఆ వేలి మందు నల్లనీళ్ళలో తేలుతుంటే గురునాథరావు చూస్తూ ఉండలేకపోయాడు. పంచె ఎగ్గట్టి కాలవలోకి దూకేశాడు.

"ఓలే, ఏలు పోద్దే! ఏలు పోద్ది!"

ఆ గొంతు అంత పెద్దదని లైనులో ఎవరికీ తెలియదు. పట్టాల అవతల దాకా వినిపించింది. కొట్టులో ఈగలు తోలుకుంటున్న అల్తాఫ్ పరుగెత్తుకుంటూ వచ్చి, కాలవలో బాబాయినీ, గుమ్మంలో పిన్నినీ, మధ్యలో పోతమ్మనూ చూశాడు. చిట్టమ్మ ఒక్క ఊపులో కథంతా చెప్పేసింది.

అల్తాఫ్ గడ్డం నిమురుకున్నాడు.

"పిన్నీ, ఆ ఆడది నేనే."

అందరూ అతని గడ్డం వైపు చూశారు.

"మీ మాత్రలు నా కొట్లోవి పిన్నీ. దీపావళి నుంచీ. రేటు మందుకని మీరిచ్చిన డబ్బులో మిగిలిందే వంజరం. బాబాయ్ ఒక్క రూపాయి తినలేదు, మీకే వండుకోమని తెచ్చారు. ఆఫరూ లేదు, ఆడదీ లేదు. ఆసుపత్రి డాక్టరమ్మని అడిగే తెచ్చారు."

రైలొకటి పోయింది. ఆదిలక్ష్మమ్మ గుమ్మం దిగింది.

"అంటే నాను మింగింది సవక మందా?"

"అదే మందు పిన్నీ."

"సవకదేనా?"

"చవకదే."

చిట్టమ్మ ఊరుకోలేదు. "మరి సున్నంబిళ్ళలన్నావు కదొదినా? సచ్చిపోతారన్నావు? ఇన్నాళ్ళూ అయే మింగి ఈ గడపలోనే తిరుగుతన్నావు!"

కాలవలో మోకాలి లోతున నిలబడ్డ గురునాథరావు, తడిసి మెత్తబడిన మాత్రలు దోసిట్లో పట్టుకుని పెళ్ళాం మొహం చూశాడు. ఆ మొహం ఎరుపెక్కింది, తర్వాత పాలిపోయింది. ఆవిడ ఒక్కసారి కిందికి, బొటనవేలి వైపు చూసింది. ఒప్పుకుంటే లైనంతటి ముందు తల దించాలి. కాదంటే వేలు సాక్ష్యం చెబుతోంది. ఆ రెండింటి మధ్య ఆవిడ ఎటు పోతుందో ఆయనకు నిజంగా తెలియలేదు.

ఆదిలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

"అందుకే మరి ఒద్దన్నాను" అంది. "కొత్త కొట్టు, కొత్త మందు. ముందొక మనిసి మింగి సూడాల వద్దా? ఏదైనా అయితే నా ఒక్కదానికే అవుద్ది, లైనంతటికీ ఎందుకని నానే మింగినాను. సూడండే, ఏలు సూడండి!" అని ఎడమకాలు ఎత్తి అరుగు మీద పెట్టింది.

ఆడవాళ్ళు వంగి చూశారు. పోతమ్మ అయితే వేలు నొక్కి చూసింది, చేప తాజాదో కాదో చూసినట్టు.

"గట్టిగానే ఉంది" అంది.

"మరి ఇందాక ఆడదని గోలెట్టినావు?" అంది చిట్టమ్మ.

"అది మా ఇంటి సంగతి. నీకెందుకు?" అని ఆదిలక్ష్మమ్మ చెప్పులు తొడుక్కుంది. "డబ్బాలో మందు కాలవపాలైపోనాది. ఇయాల్టిది ఇంకా ఏసుకోనేదు. పదండి కొట్టుకి."

ముందు ఆదిలక్ష్మమ్మ, వెనక చిట్టమ్మ, ఇంకో అయిదారుగురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక "మా అత్తకీ సుగరే" అంటూ గంప నెత్తిన పెట్టుకుని పోతమ్మ, అందరికన్నా వెనక పంచె పిండుకుంటూ గురునాథరావు. అల్తాఫ్ ముందుగా పరుగెత్తి బల్ల తుడిచాడు.

"షీటెంత?" అంది ఆదిలక్ష్మమ్మ.

అల్తాఫ్ నోరు తెరవబోయాడు. గురునాథరావు వెనక నుంచి బల్ల చివరికి చేరి, షీటుల వరస సర్దుతున్నట్టు వంగి, "ముందు ఎక్కువ సెప్పు" అని గొణిగాడు.

అల్తాఫ్ అత్తర్ల కొట్టులో పుట్టినవాడు. రెండోసారి చెప్పించుకోలేదు. అసలు ధరకు నాలుగింతలు చెప్పి, "కొత్త సరుకు పిన్నీ, చాలా డిమాండు" అన్నాడు.

"ఆఁ? ఇదేటి మందా, బంగారమా?" ఆదిలక్ష్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అంత రేటుదంటే మంచిదే అనుకో. అయినా మేం లైనంతా వత్తన్నాం. తగ్గించు."

కాస్త తగ్గించాడు. ఆవిడ వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది. పిలిచి ఇంకాస్త తగ్గించాడు. పోతమ్మ మధ్యలో దూరి సలహా చెప్పింది. అల్తాఫ్ నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు, వాళ్ళ నాన్న తిడతాడన్నాడు, ఈ రేటుకి ఇస్తే కొట్టు మూసుకోవాలన్నాడు. అలా ఏడుస్తూ ఏడుస్తూ షీటు మీద అచ్చేసిన అసలు ధర దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇక మీ ఇష్టం పిన్నీ. చంపెయ్యండి."

"ఇయ్యి" అంది ఆదిలక్ష్మమ్మ, గెలిచిన మొహంతో ఆడవాళ్ళ వైపు తిరిగి. "సూసినారా? ఎంతలో ఉన్న మందు ఎంతకి దింపినానో! మీరందరూ ఇదే రేటుకి పుచ్చుకోండి. ఒక్క పైసా ఎక్కువియ్యకండి."

"చీటీ ఉన్నవాళ్ళకే పిన్నీ. డాక్టరు రాసింది చూడకుండా ఇవ్వను" అన్నాడు అల్తాఫ్.

"ఇన్నారు కదా. సీటీలు తెచ్చుకోండి ఎల్లి. చిట్టమ్మా, నిలబడ్డావేటి? నీ సీటీ గూట్లో ఉంది, నిన్నే సూసినాను."

చిట్టమ్మ కదిలింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ కదిలారు. గురునాథరావు షీటు అందుకుని ఒక మాత్ర నొక్కి అరచేతిలో పెట్టాడు. చేతులు కాలవ వాసన వేస్తున్నాయని గుర్తొచ్చి వెనక్కి తీయబోతే, ఆదిలక్ష్మమ్మ ఆ చెయ్యి పట్టి ఆపి మాత్ర తీసుకుంది.

"అంబలి తాగినావా?" అన్నాడు.

"తాగినాను లే."

మాత్ర నోట్లో వేసుకుని, అల్తాఫ్ ఇచ్చిన సీసాలో నీళ్ళు ఎత్తి పోసుకుంది. గురునాథరావు ఆవిడ గొంతు వంకే చూస్తూ నిలబడ్డాడు.

గొంతు కదిలింది.

"ఏటి సూత్తన్నావు?" అంది ఆదిలక్ష్మమ్మ మూతి తుడుచుకుంటూ. "ఎల్లి కాళ్ళు కడుక్కో. కంపు కొడతన్నావు."